బడి కథా, బడి ఖర్చూ: న్యూజెర్సీ పేద పాఠశాలల చరిత్ర

చదువు గురించి రాసే రచయితలకు ఒక కథ బాగా ఇష్టం. పాడుపడ్డ బడి, అదుపు తప్పిన పిల్లలు, అన్నిటికీ తెగించిన ఒక మాస్టారు. ఆయన వస్తాడు, బడి బాగుపడుతుంది. ఈ కథ తెలుగులో ఉంది, ఇతర భాషల్లోనూ ఉంది. అందులో అబద్ధమేమీ లేకపోవచ్చు. అలాంటి మాస్టార్లు నిజంగానే ఉంటారు. అయితే ఆ కథలో సాధారణంగా చోటు దొరకని విషయం ఒకటుంది. బడికి డబ్బు ఎవరిస్తారు, ఎంత ఇస్తారు, ఎప్పుడు ఆపేస్తారు అన్నది కథకుడు అడగడు. అడక్కపోవడం వల్ల నష్టపోయేది ఎవరో తేల్చుకోవాలంటే ఒక చోటి చరిత్రను మొదటినుంచీ చివరిదాకా చూడాలి. అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం అందుకు తగిన ఉదాహరణ.

1989లో 'లీన్ ఆన్ మీ' అనే సినిమా వచ్చింది. న్యూజెర్సీలోని పాటర్సన్ పట్టణం, అక్కడి ఈస్ట్‌సైడ్ హైస్కూలు, దాని ప్రిన్సిపాల్ జో క్లార్క్ ఆ సినిమాకు ఆధారం. ఒక చేత్తో మెగాఫోను, మరో చేత్తో బేస్‌బాల్ బ్యాటు పట్టుకుని బడి వరండాల్లో తిరిగిన ఈ ప్రిన్సిపాల్ బొమ్మను 1988 ఫిబ్రవరిలో 'టైమ్' పత్రిక ముఖచిత్రంగా వేసింది. సినిమాలో, పిల్లలు కనీస పరీక్ష గట్టెక్కకపోతే రాష్ట్రప్రభుత్వం బడిని స్వాధీనం చేసుకుంటుందన్న భయం ఉంటుంది. చివరికి పిల్లలు గట్టెక్కుతారు, బడి నిలబడుతుంది, ప్రేక్షకుడు తృప్తిగా ఇంటికి పోతాడు.

సినిమా వచ్చిన మరుసటి సంవత్సరం న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఒక తీర్పులో పాటర్సన్ బళ్ళ స్థితిని నమోదు చేసింది. ఒక ప్రాథమిక పాఠశాలలో పిల్లలు నేలమాళిగలో బాయిలరు పక్కన కూర్చుని మధ్యాహ్నం అన్నం తింటున్నారు. వెనకబడ్డ పిల్లలకు పాఠాలు చెప్పే గది ఒకప్పటి మరుగుదొడ్డి. ఆ మరుసటి సంవత్సరం, 1991లో, రాష్ట్రప్రభుత్వం పాటర్సన్ బళ్ళన్నిటినీ నిజంగానే స్వాధీనం చేసుకుంది. సినిమా చూపించిన విజయానికీ ఈ వాస్తవానికీ మధ్య ఉన్న దూరాన్ని ఒక ప్రిన్సిపాల్ వ్యక్తిత్వంతో వివరించలేం. పన్నుల చరిత్రతోనే వివరించగలం.

ఆస్తిపన్ను మీద నిలిచిన బడి

అమెరికాలో ప్రభుత్వ పాఠశాలలు ఎక్కువగా 'స్కూల్ డిస్ట్రిక్టు' అనే స్థానిక సంస్థ కింద నడుస్తాయి. ఒక్కో పట్టణానికో, కొన్ని ఊళ్ళకు కలిపో ఒక డిస్ట్రిక్టు ఉంటుంది. దానికొక పాలకమండలి, దానికంటూ ఒక బడ్జెట్టు ఉంటాయి. ఆ బడ్జెట్టులో పెద్ద భాగం ఆ ఊరి ఇళ్ళ మీద, స్థలాల మీద, దుకాణాలమీద వేసే ఆస్తిపన్ను నుంచి వస్తుంది. పైకి చూస్తే ఇది స్థానిక స్వపరిపాలన, ఎవరి బడిని వాళ్ళే చూసుకోవడం. ఆచరణలో ఖరీదైన ఇళ్ళున్న ఊరికి తక్కువ పన్నుతోనే మంచి బడి వస్తుంది. ఇళ్ళ విలువ తక్కువగా ఉన్న ఊరు ఎంత ఎక్కువ పన్ను కట్టుకున్నా మంచి బడి రాదు.

ఇది ఊహించి చెప్పిన మాట కాదు. టెక్సాస్ రాష్ట్రం శాన్ ఆంటోనియో నగరంలోని రెండు డిస్ట్రిక్టుల లెక్కలు కోర్టు రికార్డుల్లో ఉన్నాయి. ఎడ్జ్‌వుడ్‌లో అత్యధికులు మెక్సికన్ సంతతి కార్మికులు. ఆలమో హైట్స్ తెల్లవాళ్ళ సంపన్న ప్రాంతం. 1967-68 సంవత్సరంలో ఎడ్జ్‌వుడ్ ప్రజలు నూరు డాలర్ల ఆస్తి విలువకు 1 డాలరు 5 సెంట్లు పన్ను కట్టారు. ఆలమో హైట్స్ ప్రజలు కట్టింది 85 సెంట్లు. రాష్ట్ర కనీస పథకానికి తమ వంతు చెల్లించిన తర్వాత, ఎడ్జ్‌వుడ్‌కు ఒక్కో విద్యార్థికి మిగిలింది 26 డాలర్లు, ఆలమో హైట్స్‌కు 333 డాలర్లు. రాష్ట్రం, కేంద్రం ఇచ్చిన సొమ్మంతా కలిపినా విద్యార్థికి పెట్టిన ఖర్చు ఒకచోట 356, మరోచోట 594 డాలర్లు. ఎక్కువ పన్ను కట్టినవాళ్ళ పిల్లలకు తక్కువ చదువు దక్కింది.

1968 మే నెలలో ఎడ్జ్‌వుడ్ హైస్కూలు విద్యార్థులు తరగతులు వదిలి వీధిలోకి వచ్చారు. పిల్లలతో పాటు తల్లిదండ్రులూ కదిలారు. లోహపు రేకుల పనిచేసే దెమెత్రియో రోడ్రిగెస్ అనే కార్మికుడు, మరికొందరు తల్లిదండ్రులతో కలిసి దావా వేశాడు. కింది కోర్టులో గెలిచారు. 1973 మార్చి 21న అమెరికా సుప్రీంకోర్టు 5-4 ఆధిక్యతతో వాళ్ళ దావాను కొట్టేసింది. చదువు అనేది దేశ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని ఆ తీర్పు సారాంశం. న్యాయమూర్తి థర్గుడ్ మార్షల్ దానితో తీవ్రంగా విభేదించాడు. కాని ఆ ఒక్క ఓటు తేడాతో దేశం మొత్తానికి వర్తించే న్యాయం తలుపు మూసుకుంది. ఇక ప్రతి రాష్ట్రంలోనూ విడివిడిగా పోరాడటమే మిగిలింది.

మూతబడ్డ బడి, మొదలైన పన్ను

అలా పోరాడిన రాష్ట్రాల్లో న్యూజెర్సీది మొదటి వరస. రాష్ట్ర రాజ్యాంగానికి 1875లో చేసిన ఒక సవరణ, 5 నుంచి 18 ఏళ్ళ వయసున్న పిల్లలందరికీ సమగ్రమూ సమర్థమూ అయిన ఉచిత పాఠశాల వ్యవస్థను శాసనసభ నడపాలని నిర్దేశిస్తోంది. దాదాపు నూరేళ్ళు ఆ వాక్యం పుస్తకంలోనే ఉంది. 1970లో జెర్సీ సిటీకి చెందిన కెన్నెత్ రాబిన్సన్ అనే విద్యార్థి పేరుమీద వేసిన దావాలో అది బయటికొచ్చింది. టెక్సాస్ తీర్పు వచ్చిన పదమూడు రోజులకు, 1973 ఏప్రిల్ 3న, న్యూజెర్సీ సుప్రీంకోర్టు ఆస్తిపన్ను మీద నిలిచిన ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని తీర్పు చెప్పింది.

తీర్పు వచ్చింది గాని డబ్బు రాలేదు. న్యూజెర్సీలో అప్పటికి జీతాలు, సాధారణ ఆదాయాల మీద రాష్ట్రవ్యాప్త ఆదాయపు పన్ను లేదు. సంపన్న శివారు ప్రాంతాల ప్రతినిధులతో నిండిన శాసనసభ ఆ పన్ను వెయ్యడానికి మూడేళ్ళు మొండికేసింది. గడువు మీద గడువు ఇచ్చి విసిగిన కోర్టు ఎవరూ ఊహించని ఆదేశం జారీచేసింది. రాజ్యాంగ విరుద్ధమైన పద్ధతిలో బళ్ళ మీద పైసా ఖర్చు పెట్టడానికి వీల్లేదంది. 1976 జూలై 1న రాష్ట్రంలోని ప్రభుత్వ బళ్ళు మూతబడ్డాయి. అవి వేసవి తరగతులు జరుగుతున్న రోజులు. పేద ఊళ్ళ బళ్ళతో పాటు ధనికుల ఊళ్ళ బళ్ళకూ తాళాలు పడ్డాయి. వారం తిరిగేసరికి శాసనసభకు ఆదాయపు పన్ను సాధ్యమైంది! 2 నుంచి 2.5 శాతం దాకా పన్ను వేస్తూ చేసిన చట్టం మీద గవర్నరు బ్రెండన్ బర్న్ సంతకం చేశాడు.

ఈ ఘట్టాన్ని కొంచెం నిలబడి చూడాలి. అంతకు ముందు కేమ్డెన్‌లోనో, జెర్సీ సిటీలోనో బడి కూలిపోతున్నప్పుడు అది ఆ ఊరి కష్టం. అందరి బళ్ళూ ఒక్కసారి మూతబడ్డప్పుడు అది రాష్ట్రం సమస్య అయింది. బాధ అందరిదీ అయినప్పుడే పాలకులు కదిలారన్న ఈ సత్యం తర్వాతి నలభై ఏళ్ళలో మళ్ళీ మళ్ళీ రుజువవుతుంది.

ఎబట్ దావా

కొత్త పన్ను వచ్చినా తేడా పోలేదు. 1981లో కేమ్డెన్, ఈస్ట్ ఆరెంజ్, ఇర్వింగ్టన్, జెర్సీ సిటీ అనే నాలుగు పట్టణాలకు చెందిన ఇరవై మంది పిల్లల పేరుమీద మరో దావా దాఖలైంది. జాబితాలో మొదటి పేరు కేమ్డెన్ కుర్రవాడిది. ఆ ఇంటిపేరుతోనే అది 'ఎబట్ వర్సెస్ బర్క్' అయింది. దావా నడిపిన న్యాయవాది మారిలిన్ మోర్హ్యూజర్. ఒకప్పుడు క్రైస్తవ సన్యాసిని, ఆ తర్వాత నల్లవారి పౌరహక్కుల ఉద్యమంలో పనిచేసిన మనిషి, నడివయసులో న్యాయశాస్త్రం చదివింది. నెవార్క్‌లోని ఎడ్యుకేషన్ లా సెంటర్ అనే చిన్న సంస్థ నుంచి ఆమె రాష్ట్రప్రభుత్వ న్యాయవాదుల దండుతో తలపడింది.

తుది తీర్పు 1990 జూన్ 5న వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్ విలెంట్జ్ రాసిన ఆ తీర్పును సాహిత్య విద్యార్థులు కూడా చదవదగ్గ పత్రంగా చెప్పాలి. ప్రిన్స్‌టన్ బళ్ళలో ఎనిమిది మంది పిల్లలకు ఒక కంప్యూటరు ఉంటే ఈస్ట్ ఆరెంజ్‌లో 43 మందికి ఒకటి, కేమ్డెన్‌లో 58 మందికి ఒకటి. ఇర్వింగ్టన్‌లో బొగ్గు నిలవచేసే గదిని తరగతి గదిగా మార్చారు. సామాను గదిలో సంగీతం నేర్పుతున్నారు. తీర్పు ఇలా వస్తువుల పేర్లతో, గదుల పేర్లతో, అంకెలతో మాట్లాడుతుంది. డబ్బు పెరిగినంత మాత్రాన చదువు బాగుపడుతుందా అని రాష్ట్రం తరఫు వాదులు అడిగారు. డబ్బు సర్వరోగ నివారిణి కాకపోయినా ఉపకరిస్తుంది, ఆ ఉపకారం పొందే హక్కు ఈ పిల్లలకు రాజ్యాంగం ఇచ్చింది అన్న అర్థంలో కోర్టు జవాబిచ్చింది. 28 పేద డిస్ట్రిక్టుల్లో విద్యార్థికి పెట్టే ఖర్చు సంపన్న శివారు ప్రాంతాల ఖర్చుకు సమానం కావాలని ఆదేశించింది. 1991లో జోనథన్ కొజోల్ రాసిన 'శావేజ్ ఇనీక్వాలిటీస్' అనే పుస్తకం కేమ్డెన్, జెర్సీ సిటీ, పాటర్సన్ బళ్ళ పరిస్థితిని దేశానికంతటికీ తెలిపింది.

1981లో బడికి వెళుతున్న ఎబట్ కుర్రవాడు 1990 నాటికి బడి వయసు దాటిపోయాడు. తన పేరుతో గెలిచిన హక్కు తనకు ఉపయోగపడలేదు. బడ్జెట్టు వాయిదా పడినప్పుడు లెక్కల పుస్తకాల్లో అది సర్దుబాటు. కాని పిల్లవాడి బాల్యం వాయిదాకు ఆగదు.

తీర్పు వచ్చిన వెంటనే తిరుగుబాటు లేచింది. గవర్నరు జిమ్ ఫ్లోరియో 2.8 బిలియన్ డాలర్ల పన్నులు పెంచి అందులో కొంత పేద బళ్ళకు కేటాయించాడు. అమ్మకపు పన్ను పెంపులో మరుగుదొడ్డి కాగితాన్ని కూడా చేర్చడంతో ఆ కాగితపు చుట్టలే పన్ను వ్యతిరేకుల జెండా అయ్యాయి. 1991లో బళ్ళ కోసం అనుకున్న సొమ్ములో పెద్ద భాగాన్ని ఆస్తిపన్ను తగ్గింపుకు మళ్ళించారు. 1993లో ఆదాయపు పన్ను 30 శాతం తగ్గిస్తానన్న క్రిస్టీన్ టాడ్ విట్‌మన్ చేతిలో ఫ్లోరియో ఓడిపోయాడు. మోర్హ్యూజర్ 1995లో మరణించింది. ఖర్చు సమానం చెయ్యాలని కోర్టు గట్టిగా గడువు పెట్టింది 1997లో. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు నాణ్యమైన శిశుపాఠశాల పెట్టాలని ఆదేశించింది 1998లో. ఆమె రెండూ చూడలేదు.

యూనియన్ సిటీ

ఈ డబ్బుతో ఏం జరిగింది అన్నది న్యాయమైన ప్రశ్న. అందుకు యూనియన్ సిటీని చూడాలి. మన్‌హాటన్‌కు ఎదురుగా, హడ్సన్ నదికి ఇవతలి గట్టున ఉంటుంది. చదరపు మైలున్నర కూడా లేని నేలమీద 2010 జనాభా లెక్కల ప్రకారం 66,455 మంది ఉన్నారు. ఒకప్పుడు అల్లికల పరిశ్రమకు దేశంలోనే ముఖ్యకేంద్రం. 1959 క్యూబా విప్లవం తర్వాత అక్కడినుంచి వచ్చినవాళ్ళు, ఆ తర్వాత లాటిన్ అమెరికాలోని అనేక దేశాల నుంచి వచ్చిన పేదలు ఇక్కడ చేరారు. అల్లిక మగ్గాలు క్రమంగా మూతబడ్డాయి. బడికొచ్చే పిల్లల్లో అత్యధికుల ఇంటి భాష స్పానిష్.

ఈ ఊరి చరిత్రలో దాచవలసిన అధ్యాయం కూడా ఉంది. దాచకుండానే చెప్పుకోవాలి. హైస్కూలు భవనాల నిర్మాణం కాంట్రాక్టుల్లో ముడుపులు తిన్న కేసులో మేయరు విలియం మస్టోకు 1982 మే 10న ఏడేళ్ళ శిక్ష పడింది. మర్నాడు జరిగిన ఎన్నికల్లో ఆయనే గెలిచాడు! బడి డబ్బు దొంగల పాలవుతుందన్న వాదానికి ఇంతకంటే బలమైన ఉదాహరణ దొరకదు. కాని ఆ వాదాన్ని ఇక్కడితో ఆపేసేవాళ్ళు తర్వాత జరిగింది చెప్పరు.

1989లో యూనియన్ సిటీ బళ్ళు రాష్ట్రం పెట్టిన కొలమానాల్లో అత్యధికం తప్పాయి. ఆ ఏడే పక్కనున్న జెర్సీ సిటీ బళ్ళను రాష్ట్రం స్వాధీనం చేసుకుంది. దేశంలో అలాంటి స్వాధీనం అదే మొదటిది. యూనియన్ సిటీకి మాత్రం, మీరే ఒక ప్రణాళిక వేసుకుని బాగుపడండి అని గడువిచ్చారు. ద్విభాషా విద్య చూసే అధికారి ఫ్రెడ్ కారిగ్ ఆ ప్రణాళిక బృందానికి ముందు నిలిచాడు. టీచర్లు కలిసి కూర్చుని పాఠ్యక్రమం రాసుకున్నారు. చిన్న తరగతుల నుంచి మొదలుపెట్టి ఏటా పైకి విస్తరించారు. రోజూ దాదాపు రెండు గంటలు చదవడం, రాయడం మీదే గడిపేలా బడివేళలు మార్చారు. పాఠ్యపుస్తకం ఒక్కటే ఆధారం కాకుండా ప్రతి తరగతి గదిలో చిన్న గ్రంథాలయం పెట్టారు. స్పానిష్ మాత్రమే వచ్చిన పిల్లలకు ముందు స్పానిష్‌లోనే చదవడం, రాయడం పట్టుబడేలా చేసి, ఆ తర్వాత ఇంగ్లీషులోకి నడిపించారు. టీచర్ల శిక్షణ గంటలు కొన్ని రెట్లు పెంచారు.

మాతృభాషలో అక్షరాస్యత గురించి మనం ఎన్నో దశాబ్దాలుగా వాదించుకుంటున్నాం. ఇక్కడ అది నినాదంగా కాక బడ్జెట్టు పద్దుగా అమలైంది. స్పానిష్ పుస్తకాలు కొనాలి, రెండు భాషలూ వచ్చిన టీచర్లకు జీతాలివ్వాలి, శిక్షణకు వెళ్ళిన టీచరు స్థానంలో మరొకరిని పెట్టాలి. ప్రతిదానికీ ఖర్చుంది. ఆ ఖర్చు 1990 తీర్పు తర్వాత వచ్చిన రాష్ట్ర నిధులు భరించాయి. తొంభైల దశకంలో యూనియన్ సిటీ బళ్ళ బడ్జెట్టు రెట్టింపుకు మించింది. 1998 తీర్పు తర్వాత మూడేళ్ళ పిల్లలకే బడి మొదలైంది. అర్హత ఉన్న టీచరు, ఒక సహాయకురాలు, తరగతికి 15 మందికి మించని పిల్లలు. రెండు పాత హైస్కూళ్ళను కలిపి రాష్ట్ర నిధులతో కట్టిన కొత్త హైస్కూలు 2009లో తెరిచారు. స్థలం లేని ఊరు కాబట్టి ఆటస్థలాన్ని భవనం పైకప్పు మీద కట్టారు. మస్టో కాలంలో ముడుపులకు వనరైన హైస్కూలు నిర్మాణం ఈసారి నిజంగా పిల్లలకు దక్కింది. 2011 నాటికి హైస్కూలు పూర్తిచేసే పిల్లలు దాదాపు 90 శాతానికి చేరారు. అది దేశ సగటు కంటే సుమారు పది శాతం ఎక్కువ.

ఈ చరిత్రను పత్రికలు ఎలా చెప్పాయో చూడండి. 1993లో బెల్ అట్లాంటిక్ టెలిఫోను కంపెనీ ఒక బడిలోని పిల్లల ఇళ్ళకూ టీచర్ల ఇళ్ళకూ కంప్యూటర్లు ఇచ్చింది. 1996 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ ఆ బడిని చూడటానికి వచ్చాడు. దాంతో యూనియన్ సిటీ 'కంప్యూటర్ల అద్భుతం' అయిపోయింది. టీచర్లు మూడేళ్ళు ముందుగానే మొదలుపెట్టిన పాఠ్యక్రమం, కోర్టు తెచ్చిన నిధులు ఆ కథనంలో వెనక్కి పోయాయి. కంపెనీ దాతృత్వం వార్త అయింది, ప్రజల పన్ను వార్త కాలేదు. జో క్లార్క్ బ్యాటు స్థానంలో కంప్యూటరు వచ్చిందే తప్ప కథ మారలేదు. 2013లో డేవిడ్ కర్ప్ ఈ ఊరి మీద రాసిన 'ఇంప్రాబబుల్ స్కాలర్స్' అనే పుస్తకానికి విలువ ఇక్కడే ఉంది. అద్భుతమంటూ ఏమీ లేదని, ఏళ్ళ తరబడి సాగిన మామూలు పని ఉందని అది చూపించింది.

కోత వచ్చిన రోజు

2008లో శాసనసభ కొత్త నిధుల చట్టం చేసింది. పేద పిల్లలు ఎక్కడున్నా వాళ్ళకు అదనపు సొమ్ము అందేలా ఒక లెక్క తయారుచేశామని, ఇక ఎబట్ ఆదేశాలు అక్కర్లేదని ప్రభుత్వం వాదించింది. పూర్తి నిధులు ఇస్తారన్న షరతు మీద 2009లో కోర్టు ఒప్పుకుంది. ఏడాది తిరగకముందే మాట తప్పారు.

2008 ఆర్థిక సంక్షోభం రాష్ట్ర ఖజానాను దెబ్బతీసిన మాట నిజమే. అయితే సంక్షోభంలో ఎవరి ఖర్చు తగ్గించాలన్నది రాజకీయ నిర్ణయం. 2010 జనవరిలో గవర్నరైన క్రిస్ క్రిస్టీ ఫిబ్రవరిలోనే, బడి సంవత్సరం మధ్యలో, 475 మిలియన్ డాలర్ల సాయం నిలిపేశాడు. మరుసటి బడ్జెట్టులో సుమారు 820 మిలియన్లు కోసేశాడు. అత్యధిక ఆదాయాల మీద ఉన్న అదనపు పన్ను 2009 చివర్లో గడువు తీరిపోయింది. దాన్ని లక్షాధికారుల మీద తిరిగి వెయ్యడానికి శాసనసభ 2010 మేలో చేసిన బిల్లును ఆయన తిప్పికొట్టాడు. ఆ నెలలోనే, సుప్రీంకోర్టులోని ఏకైక నల్లజాతి న్యాయమూర్తి జాన్ వాలెస్‌ను తిరిగి నియమించడానికి నిరాకరించాడు. 1947 రాజ్యాంగం అమలైన తర్వాత, తిరిగి నియామకం కోరిన న్యాయమూర్తికి అలా జరగడం అదే మొదటిసారి. 2011 జూన్‌లో టీచర్లు, ఇతర ప్రభుత్వ ఉద్యోగుల జీతాల నుంచి పింఛనుకూ వైద్యానికీ కోసే మొత్తాన్ని పెంచుతూ చట్టం వచ్చింది. లక్షాధికారులకు మినహాయింపు, టీచర్లకు త్యాగం. సంక్షోభ భారాన్ని పంచిన తీరు ఇదీ.

ఎడ్యుకేషన్ లా సెంటర్ మళ్ళీ కోర్టుకెక్కింది. కోర్టు నియమించిన న్యాయమూర్తి పీటర్ డాయిన్, సాక్ష్యాలు విన్న తర్వాత, కోత దెబ్బ ఎక్కువగా పేద పిల్లల మీదే పడిందని 2011 మార్చిలో నివేదించాడు. మే 24న కోర్టు 3-2 ఆధిక్యతతో ఎబట్ డిస్ట్రిక్టులకు 500 మిలియన్ డాలర్లు తిరిగివ్వాలని ఆదేశించింది. అప్పటికి వాటి సంఖ్య 31. యూనియన్ సిటీ అందులో ఒకటి.

కోతల కాలంలో యూనియన్ సిటీ నాణ్యత ఎలా నిలబెట్టుకుందన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పుకోవచ్చు. ఇరవై ఏళ్ళ క్రితం టీచర్లు నిర్మించుకున్న పాఠ్యక్రమం ఉంది. పై అధికారులు మారినప్పుడల్లా దిశ మారని నిలకడ ఉంది. శిశుపాఠశాల ఉంది. రాజకీయ పలుకుబడి కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆ ఊరి మేయరు బ్రయన్ స్టాక్ రాష్ట్ర సెనేటరు కూడా. డెమొక్రాట్ అయి ఉండీ 2013లో రిపబ్లికన్ క్రిస్టీకి మద్దతు ప్రకటించిన నేర్పరి. వీటన్నిటి కింద ఉన్న పునాది మాత్రం కోర్టులో నిలిచిన హక్కు. ఆ హక్కు లేని డిస్ట్రిక్టులకు ఏమైందో అదే తీర్పులో ఉంది. ఎబట్ జాబితాలో లేని ఊళ్ళ పేద పిల్లలు దావాలో కక్షిదారులు కారు కాబట్టి వాళ్ళకు కోసిన సొమ్ము తిరిగి రాలేదు. అక్కడ కూడా మంచి టీచర్లున్నారు, కష్టపడే తల్లులున్నారు. టీచర్ల అంకితభావమే సరిపోయేదయితే ఆ తేడా ఉండకూడదు.

విజయానికి హద్దులు

ఈ చరిత్రను సంపూర్ణ విజయంగా చెప్పడం కూడా తప్పే. 2008 చట్టం ప్రకారం ఇవ్వవలసిన నిధులు మొత్తంగా బడ్జెట్టుకెక్కడానికి 2024-25 సంవత్సరం దాకా పట్టింది. ఖర్చు సమానమైనా పిల్లలు కలిసి కూర్చోలేదు. నల్ల, లాటినో పిల్లలు ఒక ఊరి బడిలో, తెల్ల పిల్లలు పక్క ఊరి బడిలో ఉండే పద్ధతి కొనసాగింది. దాని మీద 2018లో వేరే దావా దాఖలైంది. ఆస్తిపన్ను పునాదిని ఏ తీర్పూ పెకలించలేదు. దానివల్ల కలిగే అన్యాయాన్ని రాష్ట్ర నిధులతో పూడ్చారంతే. పూడ్చిన మట్టిని ప్రతి బడ్జెట్టు వానా కొంత కోసుకుపోతూనే ఉంది.

ఇక్కడే ఈ కథ తెలుగువాళ్ళ గడప తొక్కుతుంది. 1990ల నుంచి న్యూజెర్సీలో వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఎడిసన్, ప్రిన్స్‌టన్ పరిసరాల్లో ఇల్లు కొనేవాళ్ళు ముందు చూసేది ఆ ఊరి బడి. మంచి బడి ఉన్నచోట ఇంటి ధర ఎక్కువ, ఇంటి ధర ఎక్కువున్నచోట బడి మంచిది. ఆ గుండ్రటి తర్కంలో మన మధ్యతరగతి సుఖంగానే ఇమిడిపోయింది. జెర్సీ సిటీ నదీతీరంలో పన్ను రాయితీలతో లేచిన ఆకాశహర్మ్యాల్లో తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులెందరో అద్దెకున్నారు. ఆస్తిపన్నుకు బదులుగా ఆ భవనాల యజమానులు నగరపాలక సంస్థకు కట్టే మొత్తంలో బళ్ళకు చట్టప్రకారం వాటా లేదు. దావాకెక్కిన మొదటి నాలుగు పట్టణాల్లో జెర్సీ సిటీ ఒకటని మర్చిపోకూడదు. ప్రవాస జీవితం మీద తెలుగులో చాలా కథలొచ్చాయి. పిల్లల తెలుగు, ఒంటరితనం, తల్లిదండ్రుల మీద బెంగ వాటి ఇతివృత్తాలు. పక్క ఊరి పిల్లవాడి బడికీ తన ఇంటి ధరకూ ఉన్న సంబంధాన్ని పట్టుకున్న కథ కూడా రావాలి.

రచయితలుగా మనం ఈ చరిత్ర నుంచి గ్రహించవలసింది రూపానికి సంబంధించిన విషయం కూడా. ఒంటరి వీరుడి కథలో సంఘర్షణ ఒక మనిషికీ అతని పరిస్థితులకూ మధ్య జరుగుతుంది. పరిస్థితులను తయారుచేసినవాళ్ళు రంగం మీదికి రారు. అందుకే బడ్జెట్టు కోసే ప్రభుత్వాలకు ఆ కథ బాగా పనికొస్తుంది. ఒక బడి బాగుపడ్డ కథ చూపించి, మిగతా బళ్ళు బాగుపడకపోవడం టీచర్ల చేతకానితనమని తేల్చడం సులువు. నలభై ఏళ్ళ న్యూజెర్సీ చరిత్రలో కూడా నాటకీయతకు కొదవ లేదు. ఒక కార్మికుడి దావా ఉంది, మాజీ సన్యాసిని పట్టుదల ఉంది, అన్ని బళ్ళకూ ఒకేసారి పడిన తాళం ఉంది, కాగితపు చుట్టల తిరుగుబాటు ఉంది, తన పేరుతో వచ్చిన హక్కు తనకందక పెద్దవాడైపోయిన కుర్రవాడున్నాడు. వీటిలో పన్ను, చట్టం, ఓటు, కోర్టు పాత్రలుగా ప్రవేశించక తప్పదు. అవి శుష్కమైన విషయాలని వదిలేస్తే వాటిని పాలకులు తమకు నచ్చినట్టు రాసుకుంటారు. బడి గురించి రాసే మన రచయితలు ఇకమీదట మాస్టారి గుణగణాలతో పాటు ఆయన జీతం ఏ పద్దు నుంచి వస్తోందో, ఆ పద్దును ఎవరు కోశారో కూడా కనుక్కుని రాయాలి.